మా తర్వాత మా అబ్బాయికి ఎవరు? ఆస్తి ఒక చేతిలో, సంరక్షణ మరో చేతిలో ఉండాలంటాను

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే సమాధానమంతా వాటిమీదే ఆధారపడి ఉంటుంది. మీ అబ్బాయికి 34 ఏళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. మాటలు కొద్దిగా వచ్చు, తన పనుల్లో సగం తానే చేసుకుంటాడు, డబ్బు లెక్క తెలియదు. మీ వయసు 67, మీ శ్రీమతి వయసు 62. అమ్మాయికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, వేరే నగరంలో ఉద్యోగం. ఇల్లు, డిపాజిట్లు అన్నీ అమ్మాయి పేర రాసేస్తే తమ్ముడి బాధ్యత ఆమే చూసుకుంటుందని బంధువుల్లో కొందరు అంటున్నారు. ఇప్పుడే ఏదైనా ఆశ్రమంలో చేర్పించి నిశ్చింతగా ఉండమని మరికొందరు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది మంచిదని మీరు అడిగారు.

వైకల్యం ఉన్న పెద్దవాళ్ల కుటుంబాలతో కూర్చుని ఇటువంటి ఏర్పాట్లు చేయించడమే చాలా ఏళ్లుగా నా వృత్తి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ రెండింటిలో ఏదీ వద్దు. బరువంతా ఒక మనిషిమీదో ఒక సంస్థమీదో పెట్టేసి ఆపైన అంతా మంచే జరుగుతుందని నమ్మడం రెండు సలహాల్లోనూ ఉన్న లోపం. తల్లిదండ్రులు పోయాక అవస్థ పడిన కుటుంబాల్లో నేను చూసినంతవరకు డబ్బు లేకపోవడం కంటే మరో రెండు కారణాలే ఎక్కువగా కనిపించాయి. ఆస్తినీ, సంరక్షణనూ, ఆ రెండింటిమీద అజమాయిషీనీ ఒకరి చేతిలోనే పెట్టడం మొదటిది. ఏర్పాటంతా తల్లిదండ్రులు లేని రోజునే మొదలయ్యేలా రాసుకోవడం రెండవది. అమ్మ పోయిన రోజునే ఇల్లు మారి, పక్క మారి, స్నానం చేయించే మనిషి మారి, ఎందుకు మారాయో చెప్పేవాళ్లు కూడా లేకపోతే ఎంతటి మనిషైనా తట్టుకోలేడు. అందుకే నేను చెప్పబోయేవన్నీ మీరిద్దరూ ఆరోగ్యంగా ఉండగానే నడవడం మొదలుపెట్టవలసినవి.

ముందు ఆస్తి సంగతి. అమ్మాయి పేర రాసిన మరుక్షణం ఆ ఆస్తి చట్టప్రకారం పూర్తిగా ఆమెదే అవుతుంది. తమ్ముణ్ణి చూసుకోవాలన్న మీ నోటిమాటకు దానిమీద ఏ పట్టూ ఉండదు. ఆమె మనసు మారుతుందని నేను అనడం లేదు, చాలామంది అక్కచెల్లెళ్లు మాట తప్పరు. అయితే ఆమె భర్త వ్యాపారంలో నష్టపోవచ్చు, ఆమె ఏదైనా అప్పుకు హామీ ఉండవచ్చు, కాపురంలో తగాదా రావచ్చు, తమ్ముడి కంటే ముందే ఆమె కన్నుమూయవచ్చు. అటువంటప్పుడు ఆ ఆస్తి ఆమె భర్తకూ పిల్లలకూ వెళుతుంది తప్ప మీ అబ్బాయికి రాదు. ఆమె మంచితనం ఎంత ఉన్నా ఈ ప్రమాదాలను ఆపలేదు. ఇంకో మాట కూడా ఉంది. రేపు తమ్ముడికి ఖరీదైన వైద్యం చేయించినా, చేయించకపోయినా బంధువులు ఆమెనే వేలెత్తి చూపుతారు. ఆస్తిని విడిగా ఉంచితే ఆ నింద నుంచి కూడా ఆమెను కాపాడినవారవుతారు.

అలాగని నేరుగా అబ్బాయి పేర రాయడమూ సరిపోదు. వైకల్యం కారణంగా వారసత్వపు హక్కు పోదని హిందూ వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, కాబట్టి మీరు వీలునామా రాయకపోయినా మీ స్వార్జితంలో అతనికి అక్కతో సమానమైన వాటా ఉంటుంది. హక్కు ఉండడం వేరు, దాన్ని నడపగలగడం వేరు. అద్దె వసూలు చేయాలన్నా, డిపాజిట్ తిరగరాయాలన్నా, ఇల్లు అమ్మాలన్నా అతని తరఫున సంతకం చేసే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే సొంత ఇల్లు ఉండి కూడా చేతిలో పైసా ఆడని పరిస్థితి వస్తుంది. నామినీ పేరు రాసి ఊరుకునే వాళ్లు కూడా చాలామంది ఉన్నారు. బ్యాంకు డిపాజిట్లకు నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప యజమాని కాదు. షేర్లకూ మ్యూచువల్ ఫండ్లకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చి చెప్పింది.

అందుకే ఇటువంటి కుటుంబాలకు నేను సాధారణంగా చెప్పేది అబ్బాయి కోసం ఒక ప్రైవేటు ట్రస్టు ఏర్పాటు చేయమని, అంటే మీరు ఎంచుకున్న మనుషులు (ట్రస్టీలు) ఆస్తిని అతని కోసమే నడిపే ఏర్పాటు. దీన్ని వీలునామాలోనే రాయవచ్చు, బతికి ఉండగానే డీడ్ అనే పత్రం ద్వారా కూడా పెట్టవచ్చు. నా మొగ్గు రెండోదానివైపు, ఎందుకంటే చిన్న మొత్తంతో మొదలుపెట్టి ట్రస్టీలు లెక్కలు ఎలా రాస్తున్నారో, అడిగినప్పుడు డబ్బు ఎంత త్వరగా ఇస్తున్నారో మీరు కళ్లారా చూడవచ్చు, నచ్చకపోతే మనుషులను మార్చవచ్చు. పెద్ద ఆస్తి తర్వాత వీలునామా ద్వారా అదే ట్రస్టుకు చేరేలా రాసుకోవచ్చు. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం ప్రకారం ఇల్లు, స్థలం వంటి స్థిరాస్తిని ట్రస్టులో పెట్టాలంటే రిజిస్టరైన పత్రం గాని వీలునామా గాని ఉండాలి. ఇప్పుడే రిజిస్టరు చేయిస్తే స్టాంపు డ్యూటీ పడుతుంది కాబట్టి ఆ ఖర్చును ముందే లెక్క వేసుకోండి. పన్ను విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఎవరికి ఎంత ఇవ్వాలో ట్రస్టీల ఇష్టానికి వదిలేసిన ట్రస్టు ఆదాయంమీద సాధారణంగా అత్యధిక రేటున పన్ను వేస్తారు. అబ్బాయి ఒక్కడే లబ్ధిదారు అనీ, ఆదాయమంతా అతనిదే అనీ స్పష్టంగా రాసి ఉంటే ఆ ఆదాయాన్ని అతని వ్యక్తిగత ఆదాయంగానే లెక్క కడతారు. డీడ్ ముసాయిదాను న్యాయవాదికే కాకుండా ఒక చార్టర్డ్ అకౌంటెంటుకు కూడా చూపించమనేది ఇందుకే.

ట్రస్టీలుగా ముగ్గురుంటే మంచిది. వాళ్లలో ఒకరైనా మీకంటే పాతికేళ్లు చిన్నవారై ఉండాలి. మీ వయసు స్నేహితుణ్ణి పెట్టుకుంటే, మీకు అవసరమయ్యే నాటికి ఆయనకే తోడు కావలసి వస్తుంది. ఒకరు కుటుంబానికి బయటివారై ఉండాలి. ఒకరు తప్పుకుంటే తర్వాతి మనిషిని ఎవరు, ఎలా ఎంచుకోవాలో డీడ్‌లోనే రాయాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనదీ, చాలా ముసాయిదాల్లో నాకు కనబడనిదీ ఇంకొకటి ఉంది. అబ్బాయి తదనంతరం మిగిలిన ఆస్తి ఎవరికి చెందుతుందో ఆ మనిషి ఒక్కరే ట్రస్టీగా ఉండకూడదు. అబ్బాయిమీద ఎంత తక్కువ ఖర్చు పెడితే తనకు అంత ఎక్కువ మిగిలే స్థితిలో ఎవరినీ నిలబెట్టకూడదు, అది మంచి మనిషికి కూడా పరీక్షే. అమ్మాయికి మీరు ఇవ్వదలచుకున్న వాటా ఉంటే అది ఆమెకు విడిగా, ఇప్పుడే, ఏ షరతూ లేకుండా రాయండి.

ఇక గార్డియన్ సంగతి. అబ్బాయికి 18 నిండిన రోజుతో తల్లిదండ్రులుగా మీకున్న సహజ సంరక్షకత్వం చట్టప్రకారం ముగిసింది. ఇది చాలామందికి బ్యాంకులోనో, ఆస్పత్రిలో ఆపరేషను కాగితంమీద సంతకం దగ్గరో తెలుస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద (ఈ నేషనల్ ట్రస్ట్ కేంద్ర ప్రభుత్వ సంస్థ, పైన చెప్పిన ప్రైవేటు ట్రస్టు కాదు) జిల్లా స్థాయిలో లోకల్ లెవెల్ కమిటీలు ఉంటాయి. అందులో జిల్లా మేజిస్ట్రేటు లేదా కమిషనర్ హోదాకు తగ్గని అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి సభ్యులుగా ఉంటారు. తల్లిదండ్రులు గాని, బంధువు గాని, నమోదైన సంస్థ గాని దరఖాస్తు చేయవచ్చు. అసలు గార్డియన్ అవసరమా, ఏ పనులకు అవసరం అన్నది కూడా ఆ కమిటీయే పరిశీలిస్తుంది. గార్డియన్‌గా నియమితులైనవారు ఆరు నెలల్లోగా ఆస్తిపాస్తుల జాబితా ఇవ్వాలి, ఆపైన ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి స్వాహా చేసినా వారిని తొలగించే అధికారం కమిటీకి ఉంది. ఈ కమిటీ ధ్రువపత్రంతో బ్యాంకు ఖాతా నడపవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. కౌంటరులో ఉన్న ఉద్యోగికి ఆ సంగతి తెలియకపోతే బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా అడగండి.

దీనితోపాటు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వం అనే పద్ధతిని కూడా తెచ్చింది. ఒక ప్రత్యేకమైన నిర్ణయానికి, ఒక నిర్ణీత కాలానికి, వైకల్యం ఉన్న వ్యక్తి ఇష్టానుసారం అతనూ గార్డియనూ కలిసి నిర్ణయం తీసుకోవడం దాని స్వభావం. 2007లో మన దేశం ఆమోదించిన, దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక స్ఫూర్తి అందులో ఉంది. మీ అబ్బాయి తన పనుల్లో సగం తానే చేసుకుంటాడని మీరే రాశారు కాబట్టి, అతని తరఫున అన్ని నిర్ణయాలూ మరొకరు తీసుకునేటట్టు ముందే రాసిపెట్టేయకండి. ఏ చొక్కా వేసుకోవాలి, ఎవరితో కూర్చోవాలి, ఏ గదిలో పడుకోవాలి అన్నవి అతని నిర్ణయాలే. ఆస్తి అమ్మకం, పెద్ద వైద్యం, న్యాయ వ్యవహారాలు వంటి వాటికే గార్డియన్ అధికారం ఉంటే చాలు. స్కిజోఫ్రీనియా వంటి మానసిక అనారోగ్యం ఉన్నవారి కుటుంబాలకు నేషనల్ ట్రస్ట్ కమిటీ దారి వర్తించదు. వారు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ముందస్తు ఆదేశం (తనకు ఎటువంటి వైద్యం కావాలో ముందే రాసిపెట్టడం), నామినేటెడ్ ప్రతినిధి (తన తరఫున నిర్ణయాల్లో సాయపడే మనిషి) అన్నవాటిని చూసుకోవాలి. ఆ చట్టం మేధో వైకల్యాన్ని మానసిక అనారోగ్యంగా లెక్కించదు.

మీరు పింఛను తీసుకుంటున్నారో లేదో రాయలేదు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులైతే, వైకల్యం వల్ల సొంతంగా సంపాదించుకోలేని సంతానానికి కుటుంబ పింఛను జీవితాంతం వస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఆదాయ పరిమితిని కూడా సడలించారు. అతని ఇతర ఆదాయం అతనికి రావలసిన కుటుంబ పింఛను కంటే, అంటే మీ చివరి జీతంలో 30 శాతం, దానిమీది కరువు భృతి కలిపిన మొత్తం కంటే తక్కువగా ఉంటే చాలు. ప్రైవేటు ఉద్యోగులకు వర్తించే 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలోనూ శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న సంతానానికి వయసుతో నిమిత్తం లేకుండా పింఛను ఉంది. ఎందులో ఉన్నా సరే, అబ్బాయి పేరూ వైకల్య ధ్రువపత్రమూ మీరు బతికుండగానే రికార్డుల్లోకి ఎక్కించండి. తండ్రి తర్వాత తల్లి, తల్లి తర్వాత ఎవరూ తిరగకపోవడం వల్ల హక్కుగా రావలసిన పింఛను ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. సదరం వైకల్య ధ్రువపత్రం పాతదైతే యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) కూడా ఇప్పుడే తీసుకోండి, ఎందుకంటే తర్వాత అడుగడుగునా అదే అడుగుతారు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. పెద్ద జబ్బుకు ఆ మొత్తం చాలకపోయినా థెరపీలకూ రోజువారీ వైద్యానికీ ఉపయోగపడుతుంది.

ఇంతవరకు చెప్పినవి కాగితాలు. మంచి న్యాయవాది దొరికితే ఇవన్నీ కొన్ని నెలల పని. అసలు కష్టమైన పని, ఏ న్యాయవాదీ చేసిపెట్టలేని పని, మీ శ్రీమతి తలలో ఉన్నదంతా కాగితంమీదికి తీసుకురావడం. అబ్బాయి ఆనుపానులన్నీ ఆమె ఒక్కరికే తెలుసు. తనకు తెలుసన్న సంగతి కూడా ఆమెకు తెలియదు, ఎందుకంటే 34 ఏళ్లుగా అవన్నీ చేతి అలవాటుగా జరిగిపోతున్నాయి. అడిగితే "వాడు మామూలుగానే ఉంటాడండీ, ఇబ్బందేమీ లేదు" అంటారు. కాబట్టి అడగవద్దు. ఆమె పని చేస్తుంటే పక్కన మరొకరు కూర్చుని రాయాలి.

ఒక తల్లి కూతురితో ఇలా రాయించిన నోటుపుస్తకంలో స్నానం గురించిన పేజీ నాకు బాగా గుర్తుంది. "బకెట్లో నీళ్లు పడే చప్పుడు వినబడ్డాక పిలవాలి, ముందే పిలిస్తే రాడు. మగ్గు చేతికివ్వాలి, మొదటి చెంబు తానే పోసుకుంటాడు. ఎడమ చెవివైపు నీళ్లు పోయకూడదు, చిన్నప్పుడు చీము పట్టింది, ఇప్పటికీ భయపడతాడు. తల తుడిచేటప్పుడు మాట్లాడకూడదు." ఈ నాలుగు వాక్యాలు తెలియని మనిషి ఆ అబ్బాయికి స్నానం చేయించబోతే రోజూ పెనుగులాటే. పెనుగులాట పెరిగితే వాడు మొండివాడనీ, కొడతాడనీ పేరు పడుతుంది. ఆ పేరు పడినవాళ్లకు నిద్రమాత్రల మోతాదు పెరగడం నేను చూశాను. నోటుపుస్తకంలోని ఒక పేజీ ఒక మనిషిని మందుల మత్తు నుంచి కాపాడగలదంటే అది అతిశయోక్తి కాదు.

అందులో నిద్ర, తిండి, మందులు, మలవిసర్జన, భయాలు, ఇష్టాలు, అతను వాడే సైగలు, వాటి అర్థాలు అన్నీ రావాలి. ముఖ్యంగా నొప్పి వచ్చినప్పుడు అతను ఎలా ఉంటాడో రాయాలి. మాటలు సరిగా రానివాళ్లు పంటినొప్పినీ, చెవిపోటునూ, మలబద్ధకాన్నీ ప్రవర్తనతోనే చెబుతారు. తల గోడకు కొట్టుకోవడం, తినడం మానేయడం, రాత్రంతా కేకలు వేయడం కనబడితే ముందు శరీరాన్ని వెతకాలి, మానసిక వైద్యం ఆ తర్వాత. డాక్టర్లు కూడా కొన్నిసార్లు ప్రతి లక్షణాన్నీ వైకల్యం ఖాతాలోనే వేసేస్తారు. అతనికి మామూలుగా ఉన్న స్థితి ఏదో రాసి ఉంటే "ఇది ఇతని మామూలు కాదు" అని చెప్పగల ఆధారం కొత్త సంరక్షకుడి చేతిలో ఉంటుంది. వైకల్యానికి కారణం డౌన్ సిండ్రోమ్ అయితే మరో సంగతి గుర్తుంచుకోండి. అమెరికాలో 1983లో సగటున 25 ఏళ్లుగా ఉన్న వీరి ఆయుర్దాయం ఇప్పుడు సుమారు 60కి చేరింది. ఆయుష్షు పెరగడంతోపాటు థైరాయిడ్ సమస్యలూ, మామూలు జనం కంటే చాలా ముందుగా, నలభైలూ యాభైలలోనే అల్జీమర్స్ వచ్చే ప్రమాదమూ ఉన్నాయి. వచ్చిన పనులు మరచిపోతుంటే మొండితనమని అనుకోకుండా ఏటా థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్షలు చేయించాలి. అతని సామర్థ్యాల మదింపు ఎప్పుడో బడి రోజుల్లో చేయించినదే అయితే ఇప్పుడు మళ్లీ చేయించండి. సికింద్రాబాదులో 1984లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, ఇటువంటి మదింపులు చేస్తుంది. పెద్దవాడికి ఏ పనిలో ఎంత సాయం కావాలో తెలిస్తేనే నెల ఖర్చు లెక్క కూడా తేలుతుంది.

ఖర్చు లెక్క గురించి ఎక్కువ చెప్పను. అతను మీ తర్వాత ముప్పై, నలభై ఏళ్లు బతుకుతాడనుకుని లెక్క వేయండి. ఈ రోజు మీరిద్దరూ జీతం లేకుండా చేస్తున్న పనికి రేపు జీతం ఇవ్వవలసి వస్తుందని మరిచిపోకండి. చాలా కుటుంబాల లెక్కల్లో వదిలిపోయే అతిపెద్ద పద్దు అదే.

ఇక ఎక్కడ ఉండాలన్నది. ఆశ్రమంలో చేర్పించడం తప్పని నేను అనను. ఏ ఏర్పాటూ లేకుండా ఒక ఉదయం తీసుకువెళ్లి దింపేసి రావడమే తప్పు. సొంత ఇంట్లోనే జీతానికి మనిషిని పెట్టుకోవడం, ఇటువంటి పిల్లలున్న రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక ఇల్లు నడపడం, నేషనల్ ట్రస్ట్ ఘరౌందా పథకం కింద పెద్దవాళ్ల కోసం ఉన్న గృహాలు, స్వచ్ఛంద సంస్థల వసతి గృహాలు, ఇలా చాలా దారులు ఉన్నాయి. ఏ దారైనా ముందు పగటిపూట కొన్ని గంటలు, తర్వాత ఒక రాత్రి, తర్వాత వారం, ఇలా ఏడాది రెండేళ్లు పట్టించుకుని అలవాటు చేయాలి. వెళ్లి మళ్లీ ఇంటికి రావచ్చన్న నమ్మకం అతనికి కుదరాలి. అతను ఎలా ఉన్నాడో చూసి కావలసిన మార్పులు చేయించడానికి మీరు బతికి ఉండాలి.

వసతి గృహం చూడడానికి వెళ్లినప్పుడు గోడల రంగు, తోట, ఫోటోలు పెద్దగా పట్టించుకోకండి. రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారు, వాళ్లు ఏ గదిలో పడుకుంటారు అని అడగండి. గత రెండేళ్లలో ఎంతమంది ఆయాలూ అటెండర్లూ మానేశారో అడగండి, ఎందుకంటే మనుషులు నిలవని చోట నోటుపుస్తకం ఎవరూ చదవరు. నివాసులు మధ్యాహ్నం మూడింటికి ఏం చేస్తున్నారో స్వయంగా చూడండి. వరుసగా మంచాలమీద పడుకుని ఉంటే, ఏ మందులు ఎవరు రాస్తున్నారని అడగండి. చెప్పకుండా వస్తే లోపలికి రానిస్తారా, స్నానాల గదికి తలుపు ఉందా, ఆస్పత్రిలో చేర్చితే పక్కన ఎవరుంటారు, ఒకేసారి కట్టించుకునే పెద్ద మొత్తాన్ని అబ్బాయి అక్కడ మానేస్తే తిరిగి ఇస్తారా అన్నవి కాగితంమీద రాయించుకోండి. ఇటువంటి పెద్దవాళ్లమీద, మగవాళ్లమీద కూడా, లైంగిక వేధింపులు జరుగుతాయి. ఎవరైనా తాకరాని చోట తాకితే కాదనడం, వచ్చి చెప్పడం మీ అబ్బాయికి ఇప్పుడే నేర్పించాలి. మాటలు తక్కువైనా బొమ్మలతో నేర్పవచ్చు. నెలకొకసారైనా బయటి మనిషి వచ్చి చూసే చోట ఇటువంటివి దాగడం కష్టం.

ఆ బయటి మనిషి పాత్ర మీ అమ్మాయిది కావచ్చు. ఆమెతో మాట్లాడేటప్పుడు "తమ్ముణ్ణి చూసుకుంటావా" అని అడగకండి. ఆ ప్రశ్నకు అవునని తప్ప మరో జవాబు చెప్పే స్వేచ్ఛ మన ఇళ్లలో ఏ ఆడపిల్లకూ ఉండదు, చెప్పిన అవును ఎంతవరకో ఎవరికీ తెలియదు. పనులను విడగొట్టి అడగండి. నెలకొకసారి వెళ్లి చూడడం కుదురుతుందా, ఆస్పత్రి నిర్ణయాల్లో ఫోనులో అందుబాటులో ఉంటావా, ట్రస్టు లెక్కలు ఏడాదికొకసారి చూడగలవా, పండుగకు నాలుగు రోజులు ఇంటికి తీసుకువెళ్లగలవా అని ఒక్కొక్కటే అడిగితే నిజాయితీగల జవాబులు వస్తాయి. అల్లుడు కూడా ఆ మాటల్లో ఉండాలి. ఒకటి రెండింటికి ఆమె కాదంటే బాధపడకండి, ఆ కాదన్నది మీరుండగా తెలియడం మేలు. ఆ పనులు ఒక పినతండ్రి కొడుకు గాని, మీ వీధిలో అబ్బాయిని చిన్నప్పటి నుంచి ఎరిగిన యువకుడు గాని, అతని పాత టీచరు గాని తీసుకోవచ్చు. రోజూ చూసుకునేది ఒకరు, డబ్బు ఇచ్చేది మరొకరు, అప్పుడప్పుడు వచ్చి ఇద్దరినీ గమనించేది మూడో మనిషి, ఇలా ఉంటే ఒకరి లోపం మరొకరి కంట పడుతుంది.

మీ ప్రశ్న అంతటిలో అబ్బాయి ఏమంటున్నాడన్నది ఒక్క చోట కూడా లేదు. తప్పు పట్టడం లేదు, దాదాపు అందరు తల్లిదండ్రులూ ఇలాగే రాస్తారు. అతనికి అర్థమయ్యే పద్ధతిలో, ఫోటోలు ముందు పెట్టి, ఒకసారి కాకుండా పలుమార్లు అడగండి. కొత్త చోటికి వెళ్లి వచ్చాక మళ్లీ చెప్పులేసుకుని బయల్దేరుతున్నాడా, ఆ వీధి మలుపు రాగానే చేయి వెనక్కి లాగుతున్నాడా అన్నది కూడా జవాబే. మరణం గురించి కూడా అతనికి తెలియనివ్వండి. బంధువుల ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు అతన్ని దాచిపెట్టి ఇంట్లో ఉంచకుండా తీసుకువెళ్లండి, "ఊరెళ్లారు" అని చెప్పకండి. ఊరెళ్లిన మనిషి తిరిగి వస్తాడని గుమ్మం దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉంటారు. చనిపోయారు, ఇక రారు, మనం ఏడవవచ్చు అని తేలిక మాటల్లో చెబితే చాలామందికి అర్థమవుతుంది, ఏడుస్తారు, తేరుకుంటారు.

ఏది ముందు, ఏది తర్వాత అని అడిగితే, నేను వీలునామాతో మొదలుపెట్టను. మీ ఇద్దరిలో ఒకరు రేపు హఠాత్తుగా ఆస్పత్రిలో చేరితే ఆ రాత్రి అబ్బాయి దగ్గర ఎవరుంటారన్నది ఈ వారమే తేల్చండి. ఆ మనిషికి ఇంటి తాళంచెవి, మందుల పేర్లు, డాక్టరు ఫోను నంబరు, స్నానం, నిద్ర గురించిన ఒక పేజీ ఇవ్వండి. ఆ మనిషిని ఒక రాత్రి మీ ఇంట్లోనే పడుకోమనండి. తర్వాత లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు, దానితోపాటే పింఛను రికార్డులు. ఆ కాగితాలు కదులుతుండగా నోటుపుస్తకం రాయడం, అమ్మాయితో మాటలు. ట్రస్టు డీడ్, వీలునామా వాటి తర్వాత, ఎందుకంటే ఎవరు ఏ పని తీసుకుంటారో తేలకుండా రాసిన డీడ్‌ను మళ్లీ మార్చవలసి వస్తుంది. వీలునామాకు ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా మీ విషయంలో చేయించమనే చెబుతాను. మీ దంపతులిద్దరూ వేర్వేరు వీలునామాలు రాయండి, ఇద్దరూ ఒకేసారి పోతే ఏం జరగాలో రెండింటిలోనూ ఉండాలి. అసలు పత్రాలు ఏ బీరువాలో ఉన్నాయో కనీసం ఇద్దరికి తెలియాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు కాకూడదు. కమిటీ దరఖాస్తులో ఏ గడి దగ్గరైనా సందేహం వస్తే ఆ గడిలో ఏముందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.